దీపం వెలుగుతోంది కదా అనుకున్నాను

గాలి సంగతి నాకు తెలుసు అనుకునేవాణ్ణి. శ్రీరాంపూర్ ఏరియా బొగ్గు బాయిల్లో మొదట సర్దార్‌గా, తర్వాత ఓవర్‌మన్‌గా పని చేశాను. షిఫ్టులో మనుషులు పని స్థలానికి చేరకముందే లోపలికి పోయి, పైకప్పు కర్రతో తట్టి చూసి, గాలి పరీక్షించి, రావచ్చో లేదో చెప్పడం నా బాధ్యత. నేను రావచ్చంటే వచ్చేవాళ్లు, వద్దంటే జంక్షన్ దగ్గరే కూర్చునేవాళ్లు. ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అదే నమ్మకంతో మా బామ్మర్ది 2016లో నా వెంట హిమాలయాలకు వచ్చాడు. నేను మంచిదని చెప్పిన గాలిలోనే అతని ప్రాణం మీదికి వచ్చింది.

బాయిలో గాలికి లెక్కలుంటాయి. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు మాకు కంఠతా ఉండేవి. మనిషి పనిచేసే చోట గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు. కార్బన్ డయాక్సైడ్ అర శాతం దాటకూడదు. మండే వాయువు 1.25 శాతం దాటితే ఆ చోటు నుంచి మనుషుల్ని బయటికి పంపాల్సిందే. ఇప్పుడు అన్నిటికీ డిటెక్టర్లు వచ్చాయి కానీ, నేను చేరిన కొత్తలో మా చేతిలో ఉన్నది సేఫ్టీ ల్యాంపే. జాలీ లోపల చిన్న మంట. వత్తి తగ్గించి పైకప్పు దగ్గర పెడితే, మీథేన్ ఉన్నచోట మంట మీద లేత నీలం రంగు టోపీలా లేస్తుంది. దాని ఎత్తు చూసి శాతం చెప్పేవాళ్లం. ఆక్సిజన్ తక్కువున్నచోట మంట ముందు మందగిస్తుంది, తర్వాత ఆరిపోతుంది. మనిషికి ఊపిరి అందకుండా పోయేముందే దీపం చెబుతుందని మా ముందటి తరం సర్దార్లు మాకు నేర్పారు. మంట నిలబడి ఉందంటే అక్కడ మనిషి నిలబడొచ్చు. ఈ ఒక్క మాట నా నెత్తురులోకి ఎక్కింది. బాయిలో, ఆక్సిజన్ వరకు, అది నిజమే.

కొండల మీదికి మనసు పోవడానికి కారణం మాలావత్ పూర్ణ. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, పద్నాలుగేళ్లు నిండకుండానే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. వెంట ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్న పిల్లలు. ఆ వార్త వచ్చిన రోజు మా క్యాంటీన్‌లో అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుని, లడఖ్ చలిలో అలవాటుపడి, ఆ తర్వాతే వాళ్లు ఎవరెస్టుకు పోయారు. ఆ వార్తలో నేను చివరి వాక్యమే పట్టుకున్నాను. ముందున్న నెలల తరబడి తయారీ నా కంటికి ఆనలేదు. మా దగ్గరి గాంధారి ఖిల్లా గుట్ట ఎక్కి దిగితే ఆయాసం రాని ఒళ్లు నాది, రోజూ బాయిలో డిప్పు వాలు దిగి రైజు ఎగువ ఎక్కే కాళ్లు నావి. అది చాలనుకున్నాను.

అప్పటి నుంచి దొరికిందల్లా చదివాను. అన్నిటిలోనూ త్రిశూల్ నాకు నచ్చింది. ఉత్తరాఖండ్‌లో, నందాదేవి పక్కన, 7,120 మీటర్ల కొండ. మూడు శిఖరాలు వరసగా నిలబడి త్రిశూలంలా ఉంటాయి. ఏడు వేల మీటర్లు దాటిన శిఖరాల్లో మనిషి మొట్టమొదట ఎక్కింది ఇదే. 1907 జూన్ 12న టామ్ లాంగ్‌స్టాఫ్ అనే ఇంగ్లిష్ డాక్టరు, ఆల్ప్స్ నుంచి వచ్చిన బ్రోషెరెల్ సోదరులిద్దరు, గూర్ఖా పటాలం సిపాయి కర్బీర్ బుడాథోకీ పైకి చేరారు. 17,450 అడుగుల దగ్గర వేసుకున్న గుడారం నుంచి తెల్లవారుజామున బయలుదేరి, దాదాపు ఆరు వేల అడుగులు ఒక్క రోజులో ఎక్కి, సాయంత్రానికల్లా దిగిపోయారు. తర్వాత 1951లో డూన్ స్కూల్ మాస్టారు గురుదయాళ్ సింగ్ మన దేశపు బృందాన్ని తీసుకుపోయి అదే శిఖరం ఎక్కాడు. పైన శీర్షాసనం కూడా వేశాడు. అది చదివి మా బామ్మర్దికి చెబితే వాడు ఎంత సంబరపడ్డాడో!

లాంగ్‌స్టాఫ్ కథలో నన్ను పట్టుకున్నది "ఒక్క రోజులో" అన్న మాట. పైన ఎంత ఎక్కువ సేపుంటే అంత నష్టం, గబగబా పోయి గబగబా రావడమే పద్ధతి అని నాకు అర్థమైంది. నేను చదివింది అబద్ధం కాదు, సగం నిజం. ఆ డాక్టరు అంతకు ముందు సంవత్సరమే, 1906లో, కొండ ఎత్తుల్లో వచ్చే జబ్బు మీద పరిశోధన వ్యాసం రాసి ఆక్స్‌ఫర్డ్ నుంచి డాక్టర్ ఆఫ్ మెడిసిన్ డిగ్రీ తీసుకున్న మనిషి. ఆ ఒక్క రోజు దౌడుకు ముందు వారాల తరబడి ఆ లోయల్లో, కనుమల్లో తిరిగాడు. అంతకు ముందు పైన ఇరవై వేల అడుగుల దగ్గర మంచు తుఫానులో చిక్కుకుని, కిందికి దిగి, ఒళ్లు కుదుటపడ్డాకే మళ్లీ ఎక్కాడు. ఇదంతా నేను తిరిగొచ్చాక చదివాను. పోకముందు చదవడానికి నాకు తీరిక లేకపోలేదు. నాకు కావాల్సింది దొరికిందని పుస్తకం మూసేశాను.

దసరాకు కంపెనీ లాభాల్లో మా వాటా వచ్చింది. శిఖరం ఎక్కడం మా వల్ల కాదని తెలుసు. త్రిశూల్ కింద ఉండే పచ్చిక మైదానాలు, ఆలీ, బెద్నీ చూసి, వీలైతే రూప్‌కుండ్ అనే కుండం దాకా పోయి రావాలని అనుకున్నాం. బామ్మర్దికి లక్సెట్టిపేటలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుంది. టీవీలో చూసిన దగ్గర్నుంచి రూప్‌కుండ్ ఒడ్డున దొరికిన మనుషుల ఎముకల మీద వాడికి ధ్యాస. 1942లో ఒక అటవీ అధికారి కంట పడిన ఆ ఎముకలు ఎవరివన్న దాని మీద ఎన్నో కథలున్నాయి. మా ప్రయాణం తర్వాత 2019లో మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న బృందం తేల్చింది: చనిపోయినవాళ్లు ఒకే గుంపు కాదు, ఒకే కాలం వాళ్లూ కాదు. కొందరు దాదాపు వెయ్యేళ్ల కిందటి మన ఉపఖండం వాళ్లు, కొందరు రెండు వందల ఏళ్ల కిందట మధ్యధరా ప్రాంతం మూలాలతో వచ్చినవాళ్లు. ఆ కుండం మేము చూడలేదు.

మంచిర్యాలలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి కాఠ్‌గోదాం, ఆపైన జీపులో కౌసానీ, గ్వాల్దం మీదుగా లోహాజంగ్. కౌసానీలో పొద్దున లేచి చూస్తే ఎదురుగా త్రిశూల్. ముందు కొసలు మాత్రమే రాగిరంగుకు తిరిగాయి, కిందంతా నీలంగా ఉంది. బామ్మర్ది చాయ్ గ్లాసు పట్టుకుని మాట్లాడకుండా నిలబడ్డాడు. వాణ్ణి తీసుకొచ్చినందుకు నాకు అప్పుడు చాలా సంతోషమైంది, ఆ సంతోషం మాత్రం ఇప్పటికీ నాతోనే ఉంది.

మంచిర్యాల సముద్ర మట్టానికి నూట యాభై మీటర్ల ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. మా లోతు డిప్పులు కొన్ని సముద్ర మట్టం కిందికే దిగుతాయి. అలాంటి చోట ఇరవై ఏళ్లకు పైగా గాలి పీల్చిన నేను, కొట్లో కూర్చునే బామ్మర్దిని వెంటబెట్టుకుని, దాదాపు 2,400 మీటర్ల వాణ్ గ్రామం నుంచి 3,350 మీటర్ల బెద్నీకి ఒకే రోజులో ఎక్కించాను. మధ్యలో గైరోలీ పాతల్ అనే అడవిలో రాత్రి ఆగాలని గైడు అన్నాడు. వాణ్ ఊరి మనిషే, నాకంటే చిన్నవాడు, మెల్లగా మాట్లాడతాడు. సెలవులు తక్కువున్నాయని నేను ఒప్పుకోలేదు.

బెద్నీ గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. అడవి ఒక్కసారిగా అయిపోతుంది. ఓక్ చెట్లు, రోడోడెండ్రాన్ చెట్లు వెనకబడి, ఇక ముందంతా గడ్డి. ఆ కొండవాళ్లు బుగ్యాల్ అంటారు. చెట్టు మొలవని ఎత్తుకు, మంచు కరగని ఎత్తుకు మధ్య ఉండే నేల అది. ఎండాకాలంలో వాణ్ చుట్టుపక్కల కాపరులు గొర్రెల్ని, బర్రెల్ని తోలుకుపోయి నెలల తరబడి అక్కడే ఉంటారు. మేము పోయినప్పటికి మందలు దిగిపోయాయి, గడ్డి ఇటుక రంగుకు వచ్చింది. కాలు వేస్తే లోపలికి దిగి మళ్లీ పైకి తోస్తుంది. వేళ్లు ఒకదానిలో ఒకటి అల్లుకుని జానెడు మందాన నేలను పట్టుకుని ఉంటాయి. వాన వస్తుందేమోనని నేను అలవాటు కొద్దీ గుడారం చుట్టూ పారతో కాలువ తీయడం మొదలుపెట్టాను. గైడు పరుగెత్తుకొచ్చి పార పట్టుకున్నాడు. నేను తవ్వి పక్కన పడేసిన గడ్డి పెళ్లల్ని ఒక్కొక్కటే ఏరి, వేళ్లు కిందికి వచ్చేలా తిప్పి, ఎక్కడిదక్కడ పెట్టి అరచేత్తో అదిమాడు. ఇది మళ్లీ అతుక్కోవడానికి ఏళ్లు పడుతుంది సాబ్ అన్నాడు. కోపంగా అనలేదు. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ల మీద రాత్రి బస చేయకూడదని తీర్పు ఇచ్చిందని తెలిసినప్పుడు, మా లాంటి వాళ్లు తవ్విన కాలువలన్నీ నా కళ్ల ముందు కనిపించాయి. ఆ తీర్పు సరైనదనే నేను అంటాను.

సాయంత్రం బామ్మర్ది తల పట్టుకుని కూర్చున్నాడు. "తలకాయ నొస్తుంది బావా, గాలి సరిపోతలేదేమో" అన్నాడు. గైడు విన్నాడు. రేపు ఇక్కడే ఆగుదాం, ఊరికే అటూ ఇటూ తిరిగి, రాత్రికి మళ్లీ ఇక్కడే పడుకుందాం, ఒళ్లు అలవాటు పడుతుంది అన్నాడు. అప్పుడు నేను చేసిన పని ఇది.

బెద్నీలో చిన్న కుండం, దాని ఒడ్డున రాళ్లతో కట్టిన చిన్న గుడి ఉన్నాయి. పన్నెండేళ్లకోసారి జరిగే నందాదేవి రాజ్ జాత్ ఈ దారినే పోతుంది. ఆ గుడిలో మేమే ఒక ప్రమిద వెలిగించాం. నేను బామ్మర్దిని అక్కడికి తీసుకుపోయి దీపం చూపించాను. మంట నిటారుగా, పచ్చగా, కదలకుండా ఉంది. "చూడు, ఎట్ల వెలుగుతుందో. ఆక్సిజన్ 21 శాతం ఉంటది, ఎంత ఎత్తుకు పోయినా అంతే. మా బాయిల 19 ఉన్నా పని చేపిస్తం. నీది ఉత్త అలసట, ఏం గాదు" అన్నాను. ఓవర్‌మన్ గొంతుతోనే అన్నాను. వాడు దీపాన్ని చూశాడు, నన్ను చూశాడు, సరే బావా అన్నాడు. ఆ తర్వాత నొప్పి గురించి నాతో చెప్పడం మానేశాడు.

నేను చెప్పిన అంకె తప్పు కాదు. గాలిలో ఆక్సిజన్ వాటా సముద్రపు ఒడ్డునా, త్రిశూల్ కొన మీదా ఇరవై ఒక్క శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. గంపలో నూటికి ఇరవై ఒక్క గింజలు మంచివే, కానీ గంపే చిన్నదైపోతుంది. బెద్నీ ఎత్తులో గాలి ఒత్తిడి కింద ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. అంటే అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్, మా మంచిర్యాలలో సుమారు 14 శాతం ఉన్న గాలితో సమానం. మర్నాడు నేను వాణ్ణి తీసుకుపోయిన పాతర్ నచౌనీలో సుమారు 13. రూప్‌కుండ్ దగ్గర 11. త్రిశూల్ పైన ఎనిమిదిన్నర. బాయిలో 14 శాతం ఉన్నచోటికి ఒక్క మనిషిని పంపినా నా సర్టిఫికెట్ పోతుంది, పోవాలి కూడా. దీపం ఎందుకు వెలిగిందంటే, మంట నిలబడటం ఎక్కువగా ఆ శాతం మీద ఆధారపడుతుంది. మనిషి రక్తంలోకి ఆక్సిజన్ ఎక్కడానికి ఒత్తిడి కావాలి. ఊపిరి వేగం పెరిగి, మూత్రపిండాలు దానికి తగ్గట్టు సర్దుకుని, ఒళ్లు కొత్త గాలికి అలవాటు పడటానికి రోజులు పడతాయి. అందుకే మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచొద్దంటారు. కాపరులు ఆ గాలిలోనే కాలమంతా హాయిగా ఉంటారు, మెల్లగా ఎక్కుతారు కాబట్టి. గైడు అడిగిన ఒక్క రోజు అందుకే అడిగాడు.

మర్నాడు పాతర్ నచౌనీ ఎక్కేటప్పుడు బామ్మర్ది వెనకబడ్డాడు. పొద్దున పరాఠా తినలేదు, దారిలో చాకొలెట్ ఇస్తే జేబులో పెట్టుకున్నాడు. గుడారం చేరాక రెండుసార్లు కక్కుకున్నాడు. నేను కంబళి కప్పి, పడుకుంటే తగ్గుతుందన్నాను. చీకటి పడే వేళకు బయటికి పోదామని లేచి, గుడారం తాడు కనిపించక కాదు, కాలు ఎత్తలేక పడ్డాడు. గైడు టార్చి తెచ్చి వాణ్ణి లేపి, ఒక పాదం వేళ్ల ముందు ఇంకో పాదం మడమ పెట్టి గీత మీద నడిచినట్టు నడవమన్నాడు. రెండో అడుగుకే పక్కకు ఒరిగిపోయాడు. ఊరేదని అడిగితే చాలాసేపు ఆలోచించి మా అత్తగారి పేరు చెప్పాడు.

గైడు నా వైపు చూడలేదు, నన్ను అడగలేదు. మిగిలిన సామాను అక్కడే వదిలేయమని వంటమనిషికి చెప్పి, కంచర గాడిద తోలే అతన్ని పిలిచి, ఇద్దరూ చెరో భుజం కింద చేయి వేసి వాణ్ణి నడిపించారు. వెడల్పున్న చోట కంచర గాడిద మీద కూర్చోబెట్టి పట్టుకున్నారు. నేను వెనకాల టార్చి పట్టుకుని నడిచాను. బెద్నీలో ఆగలేదు. గుడి పక్కనుంచే దిగాం. అడవి మొదలై కాస్త దిగాక బామ్మర్ది చలి పెడుతుందన్నాడు, తనంతట తాను అన్న మొదటి మాట అది. నీల్‌గంగ వాగు మీద వంతెన దాటేసరికి తెల్లవారుతోంది. చాయ్ అడిగాడు. దిగడం తప్ప, ఎత్తు వల్ల వచ్చే ఆ జబ్బుకు అసలైన మందు లేదు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే మెదడు వాపు ఎక్కడికి తీసుకుపోయేదో కింద డాక్టరు నాకు వివరంగా చెప్పాడు. ఆ రాత్రి ఇద్దరు మనుషులు మంచు కట్టిన దారిలో వాణ్ణి మోస్తూ కాలు జారి ఉంటే వాళ్ల ఇళ్ల సంగతేమిటని ఆయన అడగలేదు. నేనే అనుకున్నాను. గైడుకు చేతులు జోడించి నా తప్పని చెప్పాను. మొదటి రోజే నా మాట వింటే బాగుండేది సాబ్ అన్నాడు.

తర్వాత చదువుతుంటే ఒకటి తెలిసింది. 1907లో లాంగ్‌స్టాఫ్ వెంట వచ్చిన ఆర్నాల్డ్ మమ్ అనే ఆయన త్రిశూల్‌కు చిన్న ఆక్సిజన్ పరికరాలు తెచ్చాడు. తోటివాళ్లు వాటిని పెద్దగా పట్టించుకోలేదు. వాటిని తయారు చేసింది సీబ్ గోర్మన్ కంపెనీ. గనుల్లో ప్రమాదం జరిగితే రెస్క్యూ వాళ్లు వీపుకు తగిలించుకుని దిగే ప్రోటో పరికరం కూడా అదే కంపెనీది. బాయి ఊపిరికీ కొండ ఊపిరికీ సంబంధం ఉందని వందేళ్ల కిందటే ఎవరో ఆలోచించారు. గాలితోనే బతికిన నేను ఒక్క అంకె మీద కూర్చుని, దాని పక్కన ఇంకో అంకె ఉంటుందని అడగలేదు.

ఇక ఇంటి సంగతి. మేము తిరిగొచ్చాక బామ్మర్దికి ఏమైందని అందరూ అడిగారు. వాడికి సిగరెట్ అలవాటుంది. మా అత్తమ్మ అదే కారణమని తేల్చేసింది. ఆ ఊపిరితిత్తులతో కొండలెక్కుతాడా అని పండక్కి పండక్కి వాణ్ణి తిట్టేది. మా ఆవిడ కూడా తమ్ముణ్ణే తప్పుపట్టింది. వాడు నా ముఖం చూసి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. చుట్టాల ముందు ఆ మాట వచ్చిన ప్రతిసారీ ఊరుకున్నాను. కొండ మీద చేసింది తెలియక చేశాను. ఇంట్లో ఇన్నేళ్లూ చేసింది తెలిసే చేశాను.

అత్తమ్మా, సిగరెట్ మంచిది కాదు, వాడు మానేస్తే నాకూ సంతోషమే. కానీ ఆ రోజు వాడు పడింది సిగరెట్ వల్ల కాదు. బెద్నీలో తలనొప్పి అని వాడు చెప్పాడు, ఆగుదామని గైడు చెప్పాడు. దీపం చూపించి పదమన్నది నేను. ఒక రోజు మిగుల్చుకుందామని పట్టుబట్టిందీ నేనే. ఈసారి పండక్కి మీ ఇంటికి వచ్చినప్పుడు అందరి ముందూ ఇదే చెబుతాను. వాణ్ణి ఇక ఏమీ అనకండి.